అరువు కాదు

ఉవామంగా,
మార్చి 6

ప్రియమైన సోసిమా పెద్దమ్మకు,

తియోఫిలో లారీలో నువ్వు పంపిన చీజు ముద్ద, వేయించిన మొక్కజొన్నలు అందాయి. హాస్టల్ గదిలో నలుగురం ఉన్నాం కదా, చీజు సాయంత్రానికే అయిపోయింది. మొక్కజొన్నలు మాత్రం దాచి ఆదివారం చెల్లి నియెవెస్‌కి పట్టుకెళ్ళాను.

ఈ ఉత్తరం దాని గురించే. ముందు నువ్వొక్కదానివే చదువు. అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఈ మొదటి పేజీ వదిలెయ్.

చెల్లి దొరికి మూడు వారాలైంది. ఇక్కడ ప్రభుత్వ పిల్లల ఆశ్రమంలో ఉంచారు. ఆదివారం మూడింటి నుంచి అయిదింటి దాకా నన్ను చూడనిస్తారు. నేను వెళ్ళగానే కుర్చీలోంచి లేచి, చేతులు వెనక్కి పెట్టుకుని, "చిత్తం సెన్యోరా" అంటుంది, అదీ స్పానిష్‌లో. ఆరేళ్ళ పిల్ల, పెద్దమ్మా. మన కెచువాలో పలకరిస్తే ముందు తలుపు వైపు చూసి ఆ తర్వాతే తల ఊపుతుంది. జుట్టు ఎగుడుదిగుడుగా కత్తిరించేశారు. ఎడమ మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కొస ఆకారంలో మచ్చ. "ఎలా అయింది?" అని అడిగాను. "నేను నెమ్మదిగా పని చేస్తాను" అంది.

చేసింది ఎవరో ఊరంతటికీ తెలుసు. నాలుగేళ్ళ కింద మన ఇంట్లో కూర్చుని, తొలి జుట్టు తీసే పండగలో మొదటి పాయ కత్తిరించి, గొర్రెపిల్లను చదివించి, "నేను దీని దైవతల్లిని" అన్న చీజు వ్యాపారి ఓర్తెన్సియా. పోయిన జులై సంతలో "బూట్లు కొనిస్తాను రా" అని చెయ్యి పట్టుకుని, వ్యానెక్కించి, ఇకా పట్టణానికి తీసుకుపోయింది. ఏడు నెలలు తన ఇంట్లో చాకిరీ చేయించింది. పక్కింటివాళ్ళు ఏడుపు విని పోలీసులకు చెప్పకపోతే చెల్లి ఈ రోజుకీ అక్కడే ఉండేది.

మనకు ఉచితంగా వాదిస్తున్న లాయరమ్మ పేరు ఇర్మా. ఆమె నిన్న ఫైలు తెరిచి ఒక వాక్యం చూపించింది. జులైలో అమ్మ పోలీసు ఠాణాలో ఇచ్చిన వాంగ్మూలం అది. "తల్లి బిడ్డను దైవతల్లికి అరువిచ్చింది" అని రాసి ఉంది. అరువు, పెద్దమ్మా. గునపం ఇచ్చినట్టు, రోలు ఇచ్చినట్టు.

"ఈ వాక్యం ఉన్నంత కాలం ఇది అపహరణ కాదు, కొట్టడం మాత్రమే. నాలుగేళ్ళు వేస్తారు, అదీ జైలు గడప తొక్కకుండా గడిచిపోవచ్చు. ఎత్తుకుపోయిందని తేలితే ముప్పై ఏళ్ళకు తగ్గదు. ఇంకో సంగతి. బిడ్డను అరువిచ్చిన తల్లికి కోర్టు బిడ్డను తిరిగి ఇవ్వదు" అంది ఇర్మా.

ఓర్తెన్సియా ఇప్పుడు ఇకాలో కొట్టు తెరుచుకుని కూర్చుంది. చెల్లి మాత్రం తాళం వేసిన భవనంలో ఉంది.

అమ్మ ఆ రోజు ఏమందో మాట మాటగా అడిగి రాయి. ఆమెకు స్పానిష్ రాదు, పోలీసుకు కెచువా రాదు. మధ్యలో దుబాసీ ఎవరు?

నీ దెల్ఫీనా

పుకాకాసా,
మార్చి 19

ఒసే దెల్ఫీనా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటి పేజీ పొయ్యిలో పెట్టేశాను. మీ అమ్మకు మిగతాది చదివాను. కానీ వినేవాళ్ళు పేజీలు లెక్కపెడతారే పిచ్చిదానా. "మొదటిది ఏదక్కా?" అని అడిగింది. తియోఫిలో నూనె మరక చేశాడని అబద్ధం చెప్పాను.

బంగాళాదుంపలకు మంచు దెబ్బ తగిలింది. పై పొలం పోయింది, కింది పొలం పర్వాలేదు.

మీ అమ్మ ఏమందంటే, "సంతలో ఆవిడ పిల్లను అడిగింది. పెద్దవ్వనీ అన్నాను. నేను ఉప్పు కొంటుంటే తీసుకుపోయింది." ఇంతే. దుబాసీ ఎవరో ఒకరు ఉన్నారులే. ఠాణా బయట ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. నాకు గుర్తు లేదు.

నా మాట విను. దైవతల్లి దగ్గర పెరగడం ఈ కొండల్లో కొత్తా? నేను పదకొండేళ్ళు లిమాలో అలాగే పెరిగాను. చచ్చానా? స్పానిష్ వచ్చింది, అక్షరాలు వచ్చాయి, ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. దెబ్బలు నేనూ తిన్నాను. ముప్పై ఏళ్ళు అంటావు, ఆవిడ బావగారు ఎంత పలుకుబడి ఉన్నవాడో నీకు తెలియదు. పిల్ల దొరికింది. అది ఇంటికి వచ్చేటట్టు చూడు, మిగతాది వదిలెయ్.

మొన్న ఓర్తెన్సియా ఒక కుట్టుమిషను పంపింది. "నా కొమాద్రేకి ప్రేమతో" అని చీటీ కూడా కట్టింది, దైవతల్లి బిడ్డ తల్లిని పిలిచే వరస అది కదా. మంచి మిషను, ఉంచుకోమన్నాను. మీ అమ్మ దాన్ని వాకిట్లోకి ఈడ్చి పారేసింది. కోళ్ళు దాని మీద పడుకుంటున్నాయి.

సోసిమా

ఉవామంగా,
ఏప్రిల్ 10

పెద్దమ్మా,

కోళ్ళను అక్కడే పడుకోనివ్వు. ఆ చీటీ మాత్రం జాగ్రత్తగా తీసి పంపు. దాని సంగతి చెప్పగానే ఇర్మా ముఖం వెలిగిపోయింది. "తప్పు చేయనివాళ్ళు కుట్టుమిషన్లు పంచరు" అంది.

మిగతాది నేను వదలను. పోయిన గురువారం కోర్టు వరండాలో ఓర్తెన్సియా లాయరు నా పక్కనే నిలబడి ఫోనులో అంటున్నాడు: "ఇది వాళ్ళ ఆచారమండీ. ఈ కొండ జనం పిల్లల్ని కోడిపిల్లల్లా పంచుకుంటారు." ఆయన ఫోను పెట్టేసే దాకా ఆగాను. "అయ్యా, మీకు పిల్లలున్నారా?" అన్నాను. "ఇద్దరు" అన్నాడు. "ఒకరిని నాకు ఇస్తారా, గిన్నెలు తోమడానికి?" అన్నాను. "నువ్వెవరు?" అన్నాడు. "కోడిపిల్లని" అన్నాను. ఇర్మా నా చెయ్యి పట్టి లాగేసింది.

అసలు సంగతి విను. నిన్న అనువాద తరగతిలో మా మాస్టారు బోర్డు మీద కెచువా క్రియలు రాస్తున్నారు. ఒక్కో మాటకు స్పానిష్‌లో అర్థాలు మేం చెప్పాలి. నాలుగోది "మఞాయ్". వెనక బెంచీ నుంచి ఒకడు "అడగడం" అన్నాడు. ముందు బెంచీ నుంచి ఒకమ్మాయి "అరువివ్వడం" అంది. ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. మాస్టారు నవ్వి, "ఇద్దరూ రైటే. ఒకే గదికి రెండు తలుపులు. దుబాసీ ఏ తలుపులోంచి వస్తాడో అదే కోర్టుకు కనబడే ఇల్లు" అన్నారు.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచీ ఆ మాట రోజుకు పదిసార్లు వాడుతున్నాను. ఉప్పు మఞాయ్, కత్తి మఞాయ్. అందులో రెండు మాటలున్నాయని పంతొమ్మిదేళ్ళకు తెలిసింది.

అమ్మ "మఞావర్కా" అని ఉంటుంది. ఆవిడ నన్ను అడిగింది అని. దుబాసీ దాన్ని రెండో తలుపులోంచి బయటికి తెచ్చాడు. ఆ ఒక్క మాట మీద పోలీసులు ఏడు నెలలు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. ఇప్పుడు అదే మాట చెల్లికి తాళం వేసింది.

ఆ దుబాసీ కోర్టుకు వచ్చి, పొరపాటు పడ్డానని చెబితే చాలు. వాంగ్మూలం చివరి పేజీ ఇకాలో ఉందట, తెప్పిస్తోంది ఇర్మా. అందులో సంతకం ఉంటుంది. ఆ మనిషి ఏ కొండ మీదున్నా వెళ్ళి మెడ పట్టి తెస్తాను.

నీ దెల్ఫీనా

ఉవామంగా,
ఏప్రిల్ 24

శ్రీమతి సోసిమా గారికి,

చివరి పేజీ ఈ రోజు చూశాను. దుబాసీ సంతకం ఉంది. మొదటి అక్షరం తోక కింది గీత దాటి పక్క పేరు దాకా పాకింది. మీ ఉత్తరాలన్నిటి అడుగునా అదే తోక.

అరువిచ్చిన పిల్లను ఏ పోలీసు వెతుకుతాడు?

ఇక చీజు పంపవద్దు.

దెల్ఫీనా

పుకాకాసా,
మే 3

దెల్ఫీనా,

నన్ను "గారు" అన్నవాళ్ళు ఈ జన్మలో ఇద్దరే. ఒకాయన ఓట్ల కోసం వచ్చాడు. రెండోదానివి నువ్వు. ఆయన మర్యాదకు అన్నాడు, నువ్వు కొట్టడానికి అన్నావు. తగిలింది.

ఆ రోజు ఠాణాలో ఉన్నది నేనే. మీ అమ్మ గోడకు ఆనుకుని నిలబడి "మఞావర్కా" అంది. తర్వాత ఇంకేదో అంటోంది, ఏడుపులో మాట సగమే వచ్చింది. పోలీసు భోజనానికి లేవబోతున్నాడు. "త్వరగా చెప్పమ్మా, ఏమంటోంది?" అన్నాడు. "అరువిచ్చిందట" అన్నాను. నా నోరు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అతని పెన్ను అప్పటికే కింది గీతకు వెళ్ళిపోయింది. గుర్తు లేదని నీకు రాసింది అబద్ధం. సంగతి నీ ఏప్రిల్ ఉత్తరం వచ్చే దాకా నాకూ తెలియలేదన్నది మాత్రం నిజం. ఆ ఉత్తరం చదివాక నాకు రెండు వారాలు అన్నం సయించలేదు.

ఎందుకు తడుముకోలేదో చెబుతాను. నీకు తప్ప ఎవరికీ రాయను.

నాకు ఎనిమిదేళ్ళు. మా దైవతల్లి వచ్చింది, ఆ మాటే అంది, నన్ను లారీ ఎక్కించింది. మా అమ్మ లారీ వెనక పరిగెత్తింది. ఒక చెప్పు ఊడిపోయింది, తీసుకోకుండా పరిగెత్తింది. మలుపు దాకా చూశాను. లిమాలో ఆ ఇంట్లో "మీ అమ్మ నిన్ను అరువిచ్చింది" అని చెప్పారు. నమ్మాను. ఎందుకు నమ్మానంటే, అరువిచ్చిన దాని కోసం ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు వస్తారు. దొంగిలించిన దాని కోసం ఎక్కడికి రావాలో ఎవరికి తెలుస్తుంది? కాబట్టి అరువే అనుకున్నాను. గిన్నెలు తోముతూ, గేటు వైపు చూస్తూ, పదకొండేళ్ళు అనుకున్నాను. చివరికి ఎవరూ రాలేదు, నేనే వచ్చాను. అమ్మ అప్పటికి పోయింది. మాట మాత్రం నాలో అలాగే ఉండిపోయింది. నాకు మఞాయ్ అంటే ఒక్కటే అర్థం.

అరువిచ్చినవాళ్ళు లారీ వెనక పరిగెత్తరు. యాభై ఏళ్ళలో ఈ ముక్క నాకు తట్టలేదు. తట్టనివ్వలేదు.

నిన్న మీ అమ్మకు చెప్పాను. ఉడికిన దుంప వలుస్తోంది. చేతులు ఆపలేదు. వలవడం అయ్యాక ఆ దుంప నా అరచేతిలో పెట్టి, "తిను. తిని, వెళ్ళి చెప్పు" అంది. దుంప వేడిగా ఉంది. పట్టుకునే ఉన్నాను.

ఏ రోజు రావాలో రాయి.

సోసిమా

ఉవామంగా,
మే 20

పెద్దమ్మా,

ఆ "గారు" నేను వెనక్కి తీసుకుంటున్నాను.

విచారణ జూన్ 17న. కానీ ఒక మాట చెప్పకుండా నిన్ను రమ్మనడం మోసం అవుతుంది. ఇర్మా అంది: నువ్వు వచ్చి మొదటి వాంగ్మూలం తప్పంటే, ఆవిడ లాయరు నీ మీదే అబద్ధపు సాక్ష్యం కేసు పెట్టమని అడుగుతాడు. దానికీ జైలుంది. నీకు యాభై తొమ్మిదేళ్ళు. రాకపోతే నిన్ను ఎవరూ తప్పు పట్టరు, నేను కూడా.

రమ్మని రాయలేను. వద్దని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆదివారం నియెవెస్ నా నోటుబుక్కులో బొమ్మ వేసింది. ఇల్లు, కోళ్ళు, అమ్మ. "నువ్వెక్కడ?" అన్నాను. ఇంటి బయట ఒక చిన్న గీత చూపించింది.

నీ దెల్ఫీనా

పుకాకాసా,
మే 29

దెల్ఫీనా,

గీతను లోపలికి తీసుకురావాలి. వస్తున్నాను. మీ అమ్మ కూడా వస్తోంది. కొత్త టోపీ పెట్టుకుంటాను, చెప్పులు మాత్రం పాతవే. నీ గదిలో ఇద్దరికి చోటు చూడు.

సోసిమా

పుకాకాసా,
జూన్ 22

దెల్ఫీనా,

ఆ రోజు అడిగి అనుమతి తీసుకుని నువ్వు ఆశ్రమంలో పిల్ల దగ్గర ఉండిపోయావు, నేను విచారణ అవగానే తియోఫిలో లారీ అందుకోవాల్సి వచ్చింది. ఇర్మా నీకు లాయరు భాషలో చెప్పే ఉంటుంది. నా భాషలో విను.

జడ్జి ఆడమనిషి. కళ్ళజోడు ముక్కు చివర. ఓర్తెన్సియా నల్ల శాలువా కప్పుకుని, జపమాల పట్టుకుని కూర్చుంది. నన్ను చూసి "ఎలా ఉన్నావు కొమాద్రే?" అంది. "ఇంతవరకు బాగానే ఉన్నాను" అన్నాను.

నేను చెప్పాల్సింది చెప్పాను. వెంటనే ఆ లాయరు లేచాడు.

"జులైలో అరువిచ్చింది అన్నారు. ఇప్పుడు లేదంటున్నారు. ఎప్పుడు అబద్ధమాడారు?"

"అబద్ధమాడాలంటే ముందు నిజం తెలిసుండాలి బాబూ. అప్పుడు నాకు తెలియదు."

"మీ సొంత భాష మీకు తెలియదా?"

"సొంత ఇంట్లో గడప తగిలి పడనివాళ్ళు ఎవరు?"

జడ్జి అడిగింది: "అమ్మా, అరువివ్వడాన్ని మీ భాషలో ఏమంటారు?"

"మఞాయ్."

"అడగడాన్ని?"

"మఞాయ్."

వెనక ఎవరో నవ్వారు. లాయరు కూడా నవ్వాడు. "చూశారా అమ్మగారూ, ఈ భాషలో ఏదంటే అది అనొచ్చు" అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆయన చేతిలో బంగారు రంగు కలం ఉంది. నేను వెళ్ళి చెయ్యి చాపి, "మఞావాయ్" అన్నాను. కెచువా ముక్క రాని మనిషి కలం గుండెకు హత్తుకుని వెనక్కి జరిగాడు. "లేదు, ఇవ్వను" అన్నాడు.

జడ్జి వైపు తిరిగాను. "అమ్మగారూ, నేను అడిగాను. ఆయనకు అర్థమైంది, ఇవ్వనన్నాడు. ఇప్పుడు నేను ఆ కలం లాక్కుని లారీ ఎక్కితే దాన్ని ఏమంటారు?"

టైపు కొడుతున్న అమ్మాయి తల ఎత్తకుండానే "దొంగతనం" అంది. అని, నాలుక కరుచుకుంది.

"మా చెల్లెలు కూడా ఇవ్వనంది. ఆ సగం మాట నాకు వినబడలేదు, కాగితంలో పడలేదు. కలానికి ఉన్న మర్యాద పిల్లకు లేదా?" అన్నాను.

తర్వాత మీ అమ్మను పిలిచారు. ఈసారి కోర్టు దుబాసీ కుర్రాడు ఉన్నాడు, మంచివాడు, సగంలో లేవలేదు. మీ అమ్మ ఏడవలేదు. "ఆవిడ అడిగింది. లేదు, కుదరదు, పెద్దవ్వనీ అన్నాను. ఉప్పు కట్టించుకుని తిరిగి చూస్తే పిల్ల లేదు" అంది. నా కోసం కూడా ఒక ముక్క అంది: "మా అక్కను ఏమీ అనకండి. ఆమెనూ ఇలాగే తీసుకుపోయారు."

లాయరు నా మీద కేసు పెట్టమన్నాడు. జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీ కలం జాగ్రత్త" అంది. అంతే.

పిల్లను ఎప్పుడు పంపుతారో కనుక్కో. బొమ్మలో ఇంటికి తలుపు వేసిందా లేదా, అది కూడా రాయి.

మీ పెద్దమ్మ సోసిమా

ఉవామంగా,
డిసెంబర్ 11

ప్రియమైన పెద్దమ్మా,

తీర్పు వచ్చింది. కెచువాలో చదివి వినిపించాలని ఇర్మా పట్టుబట్టింది. దుబాసీకి దగ్గు పట్టుకుంటే జడ్జి నా వైపు చూసింది. చివరి రెండు పేజీలు నేనే చదివాను.

అపహరణ, గాయపరచడం, బలవంతపు చాకిరీ. ముప్పై అయిదేళ్ళు.

ఓర్తెన్సియా లేచి, "దాన్ని సొంత కూతురిలా చూసుకున్నాను" అంది. జడ్జి అడిగింది: "మీ కూతురి మణికట్టు మీద కూడా మచ్చ ఉందా?" ఆవిడ జపమాల వైపు చూసుకుంది. ఆవిడ కూతురు ముందు వరసలోనే కూర్చుంది. బ్లౌజు పొడుగు చేతులు మణికట్టు మీదికి లాక్కుంది, అంతే. అక్కడ మచ్చ ఏమీ లేకపోయినా లాక్కుంది.

ఆవిడకు యాభై రెండు. లెక్క వేయకుండా ఉండలేకపోయాను. సంతోషం వస్తుందనుకున్నాను. వచ్చింది తేలిక మాత్రమే, భుజం మీది గోనె దించినట్టు. బయటికి వస్తూ ఆ కోడిపిల్లల లాయరు నన్ను దాటుతూ "శుభాకాంక్షలు" అన్నాడు. "పొలంలో పురుగులు చాలా ఉన్నాయండీ, మా పని ఇంకా అవలేదు" అన్నాను.

నియెవెస్ ఇంటికి వచ్చి అయిదు నెలలైంది కదా, ఎలా ఉంది? ఇంకా తలుపు వైపు చూస్తోందా? నిజం రాయి. ఈసారి ఏ పేజీ పొయ్యిలో పెట్టకు.

నీ దెల్ఫీనా

పుకాకాసా,
జనవరి 4

నా దెల్ఫీనాకు,

అన్ని పేజీలూ పంపుతున్నాను.

నీ చెల్లి ఇంకా కొన్నిసార్లు తలుపు వైపు చూస్తుంది. లారీ చప్పుడు వినబడితే మీ అమ్మ పావడాలో దూరుతుంది. అది పోవడానికి చాలా ఏళ్ళు పడుతుంది, నా మాట నమ్ము. కానీ మొన్న పుల్లలు తెమ్మని అంటే, "నువ్వే తెచ్చుకో పెద్దమ్మా, నేను ఆడుకుంటున్నాను" అంది. మీ అమ్మ చెయ్యెత్తబోతే నేను అడ్డం పడ్డాను. "చిత్తం" అన్న నోరు అది. ఈ ఎదురుమాట కోసం మనం ఎంత తిరిగాం? పుల్లలు నేనే తెచ్చుకున్నాను, పాట పాడుకుంటూ.

జుట్టు భుజాల దాకా వచ్చింది. కత్తెర చూపించేవాళ్ళెవరూ ఈ వాకిట్లోకి రారు.

ఇప్పుడు నా సంగతి. నీ తీర్పు కాగితం అందిన రోజే కొత్త టోపీ పెట్టుకుని ఠాణాకు వెళ్ళాను. అదే పోలీసు. నన్ను చూసి, "మళ్ళీ దుబాసీ పనా అవ్వా?" అన్నాడు.

"కాదు, ఫిర్యాదు."

"ఎవరి మీద?"

పేరు చెప్పాను. ఏ ఏడో చెప్పాను. వేళ్ళు లెక్కపెట్టుకుని నవ్వాడు. "యాభై ఏళ్ళు దాటింది. ఆవిడ బతికి ఉందా?"

"చచ్చి ఇరవై ఏళ్ళు."

"మరి ఎవరికి శిక్ష వేయమంటావు? చచ్చినవాళ్ళకు చట్టంలో ఏమీ లేదు."

"శిక్ష వేయమని అడిగానా? రాయమన్నాను."

"ఏం రాయను?"

"రాసుకో. సోసిమా అనే ఎనిమిదేళ్ళ పిల్లను దొంగిలించారు. తల్లి ఇవ్వలేదు. లారీ వెనక పరిగెత్తింది."

గోడ గడియారం వైపు చూశాడు. భోజనం వేళ అయింది. నేను బల్ల మీద టోపీ పెట్టి కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాను. "నాకు ఆకలి లేదు నాయనా, నువ్వు నిదానంగా రాయి" అన్నాను.

రాశాడు. పైకి చదివించాను. "తీసుకుపోయారు" అని రాశాడు, కొట్టేయించాను. "దొంగిలించారు" అని పడే దాకా లేవలేదు. చెప్పు ఊడిపోయిన సంగతి కూడా రాయించాను, అది చట్టానికి అక్కర్లేదన్నాడు. నాకు కావాలన్నాను.

సంతకం చోటు చూపించాడు. ఈసారి తోక కాగితం అంచు దాకా లాగాను.

మీ పెద్దమ్మ
సోసిమా